మూగజీవాల ముచ్చట: అబ్బాయి టెగూని తెచ్చాడు, ఇప్పుడేం చేయాలి?

ఈసారి ఉత్తరాల్లో కుక్కలూ పిల్లులూ వెనకబడ్డాయి, బల్లులు ముందుకొచ్చాయి. గోడ మీద బల్లి కాదు, పెరిగితే నాలుగడుగులుండే టెగూ. వచ్చినవాటిలో నాలుగు తీసుకున్నాను. మొదటి జవాబు పొడుగైంది, టెగూ ఇంట్లో ఉన్నవాళ్లు మాత్రం అది దాటేయకండి.

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. మేం డాలస్ దగ్గర ఉంటాం. మా అబ్బాయికి పదహారేళ్లు. మూడు వారాల కిందట సరీసృపాల ఎక్స్‌పోకి వెళ్లి, దాచుకున్న డబ్బుతో మాకు చెప్పకుండా ఒక టెగూ పిల్లని కొనుక్కొచ్చాడు. జానెడు కంటే కొంచెం ఎక్కువుంటుంది. నలభై గ్యాలన్ల గాజు తొట్టిలో పెట్టాం, పైన జాలీ మూత, దాని మీద ఒక వేడి బల్బు. అద్దానికి అంటించిన థర్మామీటర్ 82 ఫారెన్‌హీట్ చూపిస్తోంది. రోజంతా మట్టిలో దూరి పడుకుంటుంది, సరిగ్గా తినదు. తెచ్చినప్పుడు తల ఆకుపచ్చగా మెరిసేది, ఇప్పుడా రంగు వెలిసిపోతోంది. చెయ్యి పెడితే తోకతో కొడుతోంది. మాది శాకాహార కుటుంబం, పళ్లూ కూరగాయలూ పెట్టి పెంచొచ్చా? మా అత్తగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, ‘ఇంట్లో ఉడుమేమిటే’ అని గొడవ. మా మూడేళ్ల పాప దాని తొట్టి దగ్గర్నుంచి కదలదు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి, టెక్సాస్

జవాబు: అమ్మా, రంగు గురించి మీరు బెంగపడక్కర్లేదు. మీరు చెప్పిన పోలికల్ని బట్టి అది అర్జెంటీనా నలుపు తెలుపు టెగూ. వీటి పిల్లలు పచ్చటి తలతోనే పుడతాయి, కొన్ని వారాలకో కొన్ని నెలలకో ఆ పచ్చదనం పోయి ఒళ్లంతా నలుపు తెలుపు పట్టీలు మిగులుతాయి. జబ్బు కాదు. అత్తగారికి కూడా చెప్పండి, అది ఉడుము కాదు. చీలిన నాలుక చాపుతూ నడిచే తీరు చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు కానీ, రెండూ వేరే కుటుంబాలు. ఉడుములు ఆసియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియాలవి, ఇది బ్రెజిల్, అర్జెంటీనా, ఉరుగ్వే వైపు జంతువు.

నన్ను కంగారు పెట్టింది ఆ 82. అది అద్దం దగ్గరి గాలి వేడి. టెగూ పొట్ట ఆనించి పడుకునే రాయి ఎంత వేడిగా ఉందో ఆ స్టిక్కర్ చెప్పదు, దానికి కావలసింది ఆ రాయి వేడే. తిన్నది అరగాలంటే ఒంటికి బయటి నుంచి వేడి అందాలి, అందకపోతే ఆకలే పుట్టదు, మట్టిలోకి దూరిపోతుంది. తుపాకీలా గురిపెట్టి చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి కొనండి, పెద్ద ఖరీదేం కాదు. బల్బు కింద ఒక నాపరాయో టైలో పెట్టి, గంట తర్వాత దాని మీదికి గురిపెట్టండి. 110 నుంచి 120 డిగ్రీల ఫారెన్‌హీట్ రావాలి, అంటే 43 నుంచి 49 సెల్సియస్. ‘అమ్మో, కాలిపోదా’ అంటారని తెలుసు. కాలదు, ఎందుకంటే తొట్టి రెండో చివర 75 నుంచి 80 దగ్గర చల్లగా ఉండాలి, అది అటూ ఇటూ తిరిగి తనకెంత కావాలో తనే తీసుకుంటుంది. రెండు చివర్లకూ తేడా లేని తొట్టి ఎంత ఖరీదైనదైనా దండగే.

ఇంకో మాట. పిల్లగా ఉన్నప్పుడు ఒక బల్బు సరిపోతుంది. పెరిగాక ఒకే బల్బు పెడితే నడుం మీద అరచేతి మేర మాడుతుంది, మెడా తోకా చల్లగా ఉండిపోతాయి. అప్పుడు రెండు మూడు బల్బులు పక్కపక్కన పెట్టి వేడిని పరచాలి. బల్బు దాని ఒంటికి తగలనంత దూరంలో ఉండాలి. కరెంటుతో వేడెక్కే రాళ్లని షాపుల్లో అమ్ముతారు, వాటి జోలికి పోవద్దు, పొట్ట కాలిన కేసులు చూశాను. రాత్రి ఎర్ర బల్బు కూడా వద్దు, చీకటి కావాలి దానికి. గది మరీ చల్లబడి 70 కిందికి పోయేలా ఉంటే వెలుగివ్వని సిరామిక్ హీటర్‌ని థర్మోస్టాట్‌కి తగిలించి పెట్టండి.

మీ ఉత్తరంలో యూవీబీ లైటు, అంటే ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలిచ్చే లైటు, మాటే లేదు. వేడి బల్బు ఉంది కదా అనుకుంటారు చాలామంది, అది వేరు ఇది వేరు. యూవీబీ పడితేనే చర్మంలో విటమిన్ డి3 తయారవుతుంది, డి3 ఉంటేనే తిన్న కాల్షియం ఒంటబడుతుంది. అది లేకపోతే శరీరం ఎముకల్లోంచి కాల్షియం లాక్కుంటుంది. నా దగ్గరికి వచ్చే బల్లుల్లో ఎక్కువ బాధ పెట్టేది ఈ కేసులే: దవడ కింద వేలితో నొక్కితే గట్టిగా ఉండాల్సిన ఎముక రబ్బరులా లోపలికి పోతుంది, కాలి వేళ్లు వణుకుతుంటాయి, నడిచేటప్పుడు పొట్ట నేల మీంచి లేవదు. అంతదాకా వచ్చాక మందులతో ఆపొచ్చు కానీ వంగిన కాళ్లు తిన్నగా రావు. టీ5 హై అవుట్‌పుట్ రకం పొడుగాటి ట్యూబు, 10 లేక 12 శాతంది తెచ్చి రోజూ పన్నెండు గంటలు వెలిగించండి. వీలైతే జాలీకి లోపలి వైపు బిగించండి, జాలీ కొంత యూవీబీని తినేస్తుంది. కిటికీ పక్కన పెట్టాం, ఎండ పడుతోంది అంటే లాభం లేదు, అద్దం దాన్ని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది, పైగా గాజు తొట్టి మీద నేరుగా ఎండ పడితే లోపల ఉడికిపోతుంది. ఏడాదికోసారి ట్యూబు మార్చాలి. వెలుగుతూనే ఉంటుంది, యూవీబీ మాత్రం తగ్గిపోతుంది, మన కంటికి తేడా తెలీదు.

మట్టిలో దూరడం దాని స్వభావం. కొత్త చోటికొచ్చిన పిల్ల రోజుల తరబడి బయటికి రాకపోవడం మామూలే, తవ్వి బయటికి తీయకండి. మట్టీ ఇసుకా కలిపి కానీ, సైప్రెస్ మల్చ్ (ఆ చెట్టు చెక్క, బెరడు తురుము) కానీ, దూరి ఒళ్లు పూర్తిగా కప్పుకునేంత మందంగా వేయండి, పెద్దయ్యాక అడుగు లోతుండాలి. తేమ 70 నుంచి 80 శాతం. డాలస్‌లో ఏసీ, హీటర్ నడిచే ఇంట్లో అది నిలబడటం కష్టమే, పైన తడిపితే చాలదు, మట్టి అడుగుదాకా నీళ్లు పోసి కలపండి. తేమ తక్కువైతే కుబుసం సరిగ్గా ఊడదు. వేళ్ల చివరా తోక చివరా పాత చర్మం దారం చుట్టినట్టు ఉండిపోయి, ఎండి బిగుసుకుని, రక్తం ఆడక ఆ వేలు నల్లబడి రాలిపోతుంది. కుబుసం విడిచిన ప్రతిసారీ వేళ్లు ఒక్కొక్కటీ చూడాలి. మిగిలి ఉంటే గోరువెచ్చటి నీళ్లలో కాసేపు నాననిచ్చి మెల్లగా తీయండి, పొడిగా ఉన్నప్పుడు పీకొద్దు.

ఇక తిండి. శాకాహారం మీద టెగూ బతకదమ్మా, మొహమాటం లేకుండా చెబుతున్నాను. పళ్లు తింటుంది, బొప్పాయి, మామిడి, అంజీర్ అంటే ఇష్టం కూడా, కానీ అవి పక్కన నంజుకోవడానికే. పిల్లగా ఉన్నప్పుడు రోజూ పురుగులు కావాలి: మిడతలు, కీచురాళ్లు, డుబియా బొద్దింకలు. వాటి మీద కాల్షియం పొడి చల్లాలి, పురుగుల్లో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ. కొంచెం పెరిగాక ఉడికించిన గుడ్డు, టర్కీ కైమా, చేప, కరిగించిన ఫ్రోజెన్ ఎలుక పిల్లలు. బతికున్న ఎలుకని వేయకండి, అదే తిరిగి కరుస్తుంది. పెద్దయ్యాక వారానికి రెండు మూడు సార్లు చాలు, రోజూ పెడితే కొవ్వు పడుతుంది, ఎంత పెట్టినా ఇంకా కావాలన్నట్టు చూస్తుంది, నమ్మొద్దు. పచ్చి గుడ్డు తెల్లసొన తరచూ పెడితే బయోటిన్ లోపం వస్తుంది. అవకాడో వద్దు, ఉల్లి వెల్లుల్లి వద్దు, మనింట్లో మిగిలిన కూరలు ఏవీ వద్దు. ఎలుకలు ఇడ్లీ పిండి ఉండే ఫ్రిజ్‌లోకి రావడం మీకు ఎలాగూ కుదరని పని, గరాజ్‌లో ఒక చిన్న ఫ్రీజర్ పెట్టుకోండి. అదీ కుదరదంటే ఈ జంతువు మీ ఇంటికి తగినది కాదు. అందులో మీ తప్పేం లేదు, దాని తప్పూ లేదు.

తోకతో కొడుతోందంటే భయపడుతోందని. దాని లెక్కలో పైనుంచి వచ్చేది గద్ద. అందుకే పైనుంచి చెయ్యి దింపి పట్టుకోవద్దని మీ అబ్బాయికి చెప్పండి. వాడు ఒక రోజంతా వేసుకున్న టీషర్టు ఉతక్కుండా అది దూరే చోట పెట్టమనండి, ఆ వాసనకి అలవాటు పడుతుంది. తర్వాత రోజూ కాసేపు చెయ్యి నేలకానించి ఊరికే ఉంచడం, అది నాలుకతో తాకి చూసి వెళ్లిపోయినా ఊరుకోవడం. తనంతట తను చేతి మీదికి ఎక్కేదాకా వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. ఎత్తినప్పుడు ఛాతీ కిందా నడుం కిందా రెండు చేతులూ ఉండాలి, తోక పట్టుకుని ఎత్తితే ఊడొచ్చు. తిండి మాత్రం చేత్తో కాదు, పొడుగు పటకారుతో. వేళ్లకి తిండి వాసన ఉంటే అది వేలికీ ఎలుకకీ తేడా చూడదు, పెద్ద టెగూ దవడ బలం మామూలుది కాదు.

మూడేళ్ల పాపా, పెద్దవయసు అత్తగారూ ఉన్నారన్నారు కదా, ఇది జాగ్రత్తగా వినండి. ఆరోగ్యంగా ఉన్న బల్లి కూడా సాల్మొనెల్లా మోస్తూ ఉండొచ్చు, దానికేం కాదు, మనకి వాంతులూ విరేచనాలూ జ్వరం. అయిదేళ్లలోపు పిల్లలకీ అరవై అయిదు దాటినవాళ్లకీ అది ముదిరితే ప్రమాదం. కాబట్టి ఆ ఇద్దరూ టెగూనీ దాని సామాన్లనీ ముట్టుకోకూడదు. ముట్టుకున్నవాళ్లెవరైనా వెంటనే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. దాని గిన్నెలు వంటింటి సింకులో కడగకూడదు, దాన్ని వంటింట్లో తిరగనివ్వకూడదు. ఈ ఒక్క విషయంలో మీ అత్తగారిదే న్యాయం.

చివరగా మీరు అడగని సంగతి. ఇది ఏడాదిలోనే రెండున్నర, మూడడుగులకు పెరుగుతుంది. మీ నలభై గ్యాలన్ల తొట్టి కొన్ని నెలల ముచ్చటే. ఆ తర్వాత ఎనిమిదడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున్న గూడు కావాలి, అంటే ఒక బెడ్‌రూమ్‌లో మంచం పట్టే చోటు. పదిహేను నుంచి ఇరవై ఏళ్లు బతుకుతుంది. మీ అబ్బాయి ఇంకో రెండేళ్లలో కాలేజీకి వెళ్లిపోతాడు, డార్మ్‌లోకి దీన్ని రానివ్వరు. అంటే కొన్నది వాడైనా, రోజూ పొద్దున్నే లైటు వేసేదీ, మీరు ఇండియా వెళ్లినప్పుడు ఎవరికి అప్పగించాలా అని తల పట్టుకునేదీ మీరే. ఈ వారాంతం అబ్బాయితో కలిసి ఇంట్లోవాళ్లంతా కూర్చుని మాట్లాడుకోండి. ఉంచుకుందాం అనుకుంటే ముందు లైట్లు, తర్వాత పేడ పరీక్ష: తాజా మలం చిన్న డబ్బాలో వేసి సరీసృపాలు చూసే డాక్టరుకి ఇవ్వాలి, పరాన్నజీవులు ఉన్నాయేమో తెలుస్తుంది. కుక్కల డాక్టర్లందరూ వీటిని చూడరు. ఏఆర్ఏవీ అని సరీసృపాల వైద్యుల సంఘం ఉంది, వాళ్ల వెబ్‌సైట్‌లో ఊరిని బట్టి వెతుక్కోవచ్చు. ఉంచుకోలేం అనుకుంటే ఇప్పుడే, అది చిన్నగా ఉండగానే, మంచి చేతుల్లో పెట్టండి. నాలుగడుగుల టెగూని తీసుకునేవాళ్లు దొరకడం చాలా కష్టం.

ప్రశ్న: సార్, నేను టాంపాలో ఎంఎస్ చేస్తున్నాను. నా రూమ్మేట్ ఫ్రెండ్ ఊరు మారుతూ తన టెగూని ఫ్రీగా ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా? వద్దంటే దగ్గర్లో ఏదైనా పార్కులో వదిలేస్తానంటున్నాడు.
– ఒక విద్యార్థి, ఫ్లోరిడా

జవాబు: తీసుకోవద్దు, వదలనివ్వనూ వద్దు. ఫ్లోరిడాలో 2021 ఏప్రిల్ చివర్లో టెగూని నిషేధిత జాతుల జాబితాలో చేర్చారు. అంతకుముందే పెంచుకుంటున్నవాళ్లకి పర్మిట్, మైక్రోచిప్ షరతు మీద ఉన్నదాన్ని ఉంచుకోనిచ్చారు, కొత్తగా పెంపకానికి తెచ్చుకోవడం కుదరదు. నువ్వు స్టూడెంట్ వీసా మీద ఉన్నావు, ఫ్రీగా వచ్చిన బల్లి కోసం కేసులో ఇరుక్కోకు.

పార్కులో వదలడం ఇంకా పెద్ద తప్పు. నీ స్నేహితుడికి తెలుసో లేదో, టాంపా ఉన్న హిల్స్‌బరో కౌంటీలోనే ఇలా వదిలేసినవీ తప్పించుకున్నవీ అడవిలో స్థిరపడి పిల్లలు పెడుతున్నాయి. మయామీ వైపు మరీ ఎక్కువ. టెగూకి గుడ్డంటే ప్రాణం: నేల మీద గూడు కట్టే పక్షులవీ, తాబేళ్లవీ, ఎలిగేటర్లవీ, ఏవి దొరికితే అవి తవ్వి తినేస్తుంది. ఒక్కోసారి ఆడది ముప్ఫై దాకా గుడ్లు పెడుతుంది. ఫ్లోరిడా వన్యప్రాణి శాఖ ఎఫ్‌డబ్ల్యూసీకి ఎగ్జాటిక్ పెట్ ఆమ్నెస్టీ అని ఒక పథకం ఉంది. పెంచుకోలేని విదేశీ జంతువుని అప్పగిస్తే జరిమానా లేకుండా తీసుకుంటారు. వాళ్లకి ఫోన్ చేయమని చెప్పు, వీలైతే నువ్వే పక్కన కూర్చుని చేయించు. పక్కనున్న జార్జియా, అలబామా, సౌత్ కరోలినాలలో కూడా ఆంక్షలున్నాయి కాబట్టి ‘కారెక్కించి అక్కడ ఇచ్చేస్తా’ అన్నా ఒప్పుకోకు.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒకాయన టెగూ పిల్ల అమ్ముతానంటున్నాడు, పేపర్లు తర్వాత ఇస్తాడట. మా ఊళ్లో పొలం దగ్గర ఉడుము పిల్లలు దొరుకుతాయి, డబ్బు పెట్టే బదులు దాన్నే పెంచుకుంటే పోలా అంటున్నాడు మా బావ.
– ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

జవాబు: మీ బావగారి సలహా వింటే జైలుకి పోతారు. ఉడుము మన వన్యప్రాణి రక్షణ చట్టంలో షెడ్యూల్ 1లో ఉంది, అంటే పులికి ఉన్నంత రక్షణ. పట్టుకోవడం, పెంచడం, మాంసం, నూనె, చర్మం, ఏదైనా నేరమే, శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా. పొలంలో కనిపిస్తే దాని దారిన పోనివ్వండి, ఎలుకల్నీ పురుగుల్నీ తిని మీకు మేలే చేస్తుంది.

టెగూ సంగతి వేరు. అది విదేశీ జంతువు, కానీ అడవి జంతువుల, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైట్స్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్ట సవరణతో ఇలాంటివన్నీ కొత్త షెడ్యూల్ 4 కిందికి వచ్చాయి, 2024లో రిజిస్ట్రేషన్ నిబంధనలు కూడా వచ్చాయి. మీ దగ్గర ఉందని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి, చేతులు మారినా, పిల్లలు పెట్టినా, చచ్చిపోయినా తెలియజేయాలి. ‘పేపర్లు తర్వాత’ అన్న మాటకి అర్థం పేపర్లు లేవని. సూట్‌కేసుల్లో గుడ్డ సంచుల్లో కుక్కి విమానాల్లో తెచ్చినవాటిని కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటున్న వార్తలు మీరూ చదివే ఉంటారు, అలా వచ్చినవాటిలో బతికేవే తక్కువ. కాగితాలు చేతికివ్వనివాడి దగ్గర కొనకండి. కాగితాలన్నీ ఉన్నా, మే నెలలో కరెంటు పోతే ఆ గూడు చల్లగా ఉంచే ఏర్పాటు మీకుందా, దగ్గర్లో దీన్ని చూసే డాక్టరున్నాడా, ఇవి కనుక్కుని అప్పుడు బేరమాడండి.

ప్రశ్న: మా టెగూకి రెండేళ్లు. నవంబర్ నుంచి తిండి మానేసి మట్టిలోనే ఉంటోంది. వేడి, లైట్లు అన్నీ మీరు ఎప్పుడూ చెప్పేట్టే ఉన్నాయి. లేపి తినిపించనా?
– ఒహాయో నుంచి

జవాబు: లేపకండి. దాని సొంత దేశంలో చలికాలమంతా ఇలాగే బొరియలో పడుకుంటుంది, ఇంట్లో పెంచినా రోజులు చిన్నవయ్యేసరికి ఆ అలవాటు బయటికొస్తుంది. కొన్ని నెలలు పట్టొచ్చు. మధ్యమధ్యలో బయటికొచ్చి నీళ్లు తాగి మళ్లీ వెళ్లిపోతుంది, కాబట్టి మంచినీళ్లు ఎప్పుడూ ఉండాలి. తిండి మాత్రం బలవంతంగా పెట్టొద్దు, ఒళ్లు చల్లగా ఉన్నప్పుడు పొట్టలో పడింది అరగక కుళ్లుతుంది.

తనంతట తను బయటికి వచ్చినప్పుడు మాత్రం తూకం వేసి రాసుకోండి. నిద్రలో పెద్దగా తగ్గకూడదు. తోక మొదలు సన్నబడి ఎముకలు తేలినా, కళ్లు లోతుకుపోయినా, ముక్కు దగ్గర బుడగలు కనిపించినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా అది నిద్ర కాదు జబ్బు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఈ జాతిలో ఇంకో విచిత్రం ఉంది. జత కట్టే కాలంలో రాత్రిపూట బొరియలో ఇవి తమ ఒంట్లోనే వేడి పుట్టించుకుంటాయని, చుట్టూ ఉన్న గాలి కంటే పది డిగ్రీల సెల్సియస్ దాకా వెచ్చగా ఉంటాయని కెనడా, బ్రెజిల్ శాస్త్రవేత్తలు 2016లో ప్రచురించారు. అంతమాత్రాన మీరు బల్బులు తీసేయకండి, అది ఏడాదిలో కొన్నాళ్ల ముచ్చటే.

లేచాక మొదటి ఒకట్రెండు రోజులు బల్బు కింద పడుకుని నీళ్లు తాగనివ్వండి. తర్వాత కొద్దిగా, గుడ్డులో సగమో నాలుగు పురుగులో పెట్టి, మలం వచ్చాక మామూలు తిండి మొదలుపెట్టండి. ఆడదైతే వసంతంలో పొట్ట ఉబ్బి, అదే పనిగా మట్టి తవ్వుతూ, తినడం మానేస్తే గుడ్లతో ఉందని అనుమానించాలి. మగది లేకపోయినా గుడ్లు పెట్టొచ్చు, తవ్వుకోవడానికి లోతైన తడి మట్టి ఉండాలి. రోజుల తరబడి తవ్వుతున్నా గుడ్లు రాక నీరసపడితే ఎక్స్‌రే తీయించాలి, అందులో ఆలస్యం చేయొద్దు.